తాడు వదులైందని ఆగిన బండి

ఇప్పుడు నేను ఆగకుండా పదకొండు నిమిషాలు నడవగలను. ఆ తర్వాత ఎడమ పిక్క బిగుసుకుంటుంది, ఆగాలి. ముప్పై ఏళ్లకు పైగా బడి మైదానాల్లో పిల్లలను పరుగెత్తించినవాడు గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదిది. కానీ నవంబరులో మంచం దగ్గరి నుంచి బాత్రూం దాకా పోవడానికి నేను గోడ పట్టుకునేవాణ్ణి. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల అలసట ఒంట్లో ఇంకా మిగిలే ఉంది. ఒక పేజీ రాసి కాసేపు కళ్లు మూసుకుంటున్నాను.

అయినా రాస్తున్నాను. రాయకపోతే కొన్నాళ్లకు నా తప్పులను నేనే చిన్నవి చేసుకుని చూస్తానని భయం. నాలాగే పిక్క నొప్పిని పక్కవాళ్లకు కనపడకుండా దాచుకుని తిరిగేవాళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉండే ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి ఆస్పత్రికి పోతే చాలు.

నేను వ్యాయామోపాధ్యాయుడిగా వర్నిలో, మోస్రాలో, చివరికి బోధన్‌లో పనిచేశాను. మా దగ్గర దమ్ము అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. ఊపిరి దమ్మే. ఆయాసం దమ్మే. ధైర్యమూ దమ్మే. సిగరెట్ ఒక గుక్క పీలిస్తే అదీ దమ్మే. రెండో రౌండుకే ఆగిపోయిన పిల్లవాణ్ణి "దమ్ము లేదారా నీకు?" అని అందరి ముందు అరిచేవాణ్ణి. వాడు తలవంచుకుని మళ్లీ పరుగు మొదలుపెడితే, నేను ఆటసామాన్ల గది వెనక్కి పోయి ఒక దమ్ము కొట్టి వచ్చేవాణ్ణి. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు ఇందులో తప్పు కనపడలేదు. కండ అంటే పట్టుదల అనుకునేవాణ్ణి. ఆగిపోయినవాడు బద్ధకస్తుడే అని నా లెక్క.

మొదటి చలికాలం

ఉద్యోగం అయిపోయాక నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాం. పొద్దున్నే దగ్గరున్న కాలేజీ గ్రౌండుకు పోయేవాణ్ణి. అక్కడ పదిహేను మంది దాకా నడిచేవాళ్లు తయారయ్యారు. అందరికీ నేను పీఈటీ సార్‌ను. చేతులు ఎలా ఊపాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పేవాణ్ణి. విత్తనాల దుకాణం నడిపే గంగాధర్ నా పక్కనే నడిచేవాడు. నా భార్య సుగుణకు బీపీ ఉందని తేలాక ఆమె కూడా మాతో రావడం మొదలుపెట్టింది. ఎప్పుడూ నాకు పది అడుగులు వెనక ఉండేది.

పోయిన ఏడాది చలిరోజుల్లో ఒకనాడు రెండో రౌండులో, అవతలి గోలు స్తంభం దగ్గర, ఎడమ పిక్కను ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టారు. రెండడుగులు కుంటుతూ వేశాను. అంతలో వెనక నుంచి సుగుణ పిలిచింది.

"స్వప్న బాపూ, జర ఆగుండ్రి. చెప్పుల రాయి వడ్డది."

స్వప్న మా అమ్మాయి, బాపు అంటే నాన్న. పెళ్లయిన దగ్గరి నుంచి సుగుణ నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. బిడ్డ పుట్టాక ఇదే పిలుపు.

నేను ఆగాను. ఆమె చెప్పు విప్పి దులుపుకుని మళ్లీ వేసుకుంది. ఈ లోపల నా నొప్పి పోయింది. తగ్గడం కాదు, అసలు రానే లేదన్నట్టు పోయింది. ఈ జబ్బు మనిషిని మోసం చేసేది ఇక్కడే. పంటినొప్పి అయితే పడుకున్నా వదలదు. ఇది నిలబడితే చాలు, పోతుంది. నిలబడితే పోయేది నొప్పేమిటి, వయసు కదా అనుకున్నాను. వయసును లొంగదీయడం ఎలాగో నాకు తెలుసనుకుని మర్నాడు వేగం పెంచాను.

మర్నాడూ అక్కడే పట్టుకుంది. ఇక రోజూ సుగుణకు అక్కడే ఏదో ఒకటి అయ్యేది. ఒకనాడు రాయి, ఒకనాడు కొంగు జారింది, ఒకనాడు ఎవరో తెలిసినావిడ కనపడింది. నేను విసుక్కుంటూ ఆగేవాణ్ణి. ఎండాకాలం వచ్చేసరికి ఆమె ఒక్కో రౌండుకు రెండుసార్లు ఆపుతోంది. మిగతావాళ్లు మమ్మల్ని దాటిపోతున్నారు. అది నాకు తలవంపుగా ఉండేది.

జూన్ నుంచి దసరా దాకా

జూన్‌లో ఒక పొద్దున, నడక అయ్యాక, గేటు దగ్గర చాయ్ బండి చుట్టూ అందరం నిలబడి ఉండగా ఆ మాట అన్నాను. ఆ రోజు సుగుణ నాలుగుసార్లు ఆపింది.

"ఏమే, ప్రపంచంల రాళ్లన్నీ నీ చెప్పులల్లనే వడ్తున్నయా? దమ్ము లేకపోతే ఇంట్ల కూసో. పీఈటీ పెండ్లామని చెప్పుకుంట నలుగురిల నా ఇజ్జత్ తీయకు."

గంగాధర్ నవ్వాడు. "సార్, వదినెకు గ్రేస్ మార్కులు ఏసి పాస్ చేయిండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సుగుణ గ్లాసులో మిగిలిన చాయ్ తాగింది. నా ముఖం వైపు చూడలేదు. నా కాళ్ల వైపు చూసింది. "సరే తియ్యి" అంది. మర్నాటి నుంచి రాలేదు.

ఆమె లేకపోయాక ఆగడానికి సాకు లేకుండా పోయింది. నొప్పి మాత్రం గోలు స్తంభం దాకా కూడా ఆగడం లేదు. అందుకని నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. పిక్క పట్టుకోగానే నిలబడి, చేతులు నడుముకు పెట్టుకుని, వెనక వచ్చేవాళ్ల మీద అరిచేవాణ్ణి. "గంగాధర్, భుజాలు వంచకు! మడమ ముందర వెయ్యి!" వాళ్లు సర్దుకుని నడిచి నన్ను దాటేలోపు నొప్పి పోయేది. నేను శ్రద్ధగా నేర్పిస్తున్నానని వాళ్లు సంతోషపడ్డారు. ఆ వానాకాలమంతా నిజామాబాద్‌లో నాకంటే శ్రద్ధగల గురువు ఉండి ఉండడు.

రెండు రౌండ్లు ఒకటయ్యాయి. ఒకటి సగమయింది. ఎడమ పాదం ఎప్పుడూ చల్లగా ఉండేది. ఆ కాలి మీద వెంట్రుకలు రాలిపోతే మేజోళ్ల రాపిడి అనుకున్నాను. నరం పట్టేసిందని ఒకరంటే నూనె రాయించుకున్నాను. సిగరెట్ మాత్రం మానలేదు. చివరికి వానలు అని చెప్పి గ్రౌండుకు పోవడమే మానేశాను.

బతుకమ్మకు సుగుణ బోధన్ దగ్గర తన పుట్టింటికి వెళ్లింది. ఆ వారంలో నేను చేసిన పని చెబుతాను, మీరెవరూ చేయకండి. చల్లబడ్డ పాదాన్ని వేడినీళ్లలో ఉప్పు వేసి పెట్టాను. హాయిగా అనిపించలేదు, వేడిగా కూడా అనిపించలేదు. అందుకని ఇంకా మరిగే నీళ్లు పోశాను. కాలికి వేడి తెలియడం లేదన్న సంగతే నాకు తట్టలేదు. సాయంత్రానికి చిటికెన వేలి మీద బొబ్బ లేచింది. మర్నాడు చిట్లింది.

పసుపు పండే జిల్లాలో పుట్టినవాళ్లకు పుండు అనగానే చేయి పసుపు డబ్బా మీదికే పోతుంది. ముప్కాల్ దిక్కు రైతు ఒకాయన, నా దగ్గర చదువుకున్నవాడు, కొమ్ములు పట్టించి ఇచ్చిన పసుపు ఇంట్లో ఉంది. దట్టంగా అద్ది గుడ్డ కట్టాను. రోజూ పాత పసుపు మీదే కొత్త పసుపు. మూడు వారాల పాటు ఆ వేలు నాకు పచ్చగానే కనపడింది. పచ్చగా ఉంది కాబట్టి మానుతోంది అనుకున్నాను.

నవంబరు

పుండు సంగతి సుగుణకు వాసన చెప్పింది. మేజోడు విప్పమంది. నేను విప్పనన్నాను. తనే కూర్చుని విప్పి, గుడ్డ తీసి, చెంబుతో నీళ్లు పోసి కడిగింది. పసుపు కారిపోయింది. దాని కింద వేలు నల్లగా ఉంది.

"ఏందిది? ఎన్నొద్దులాయె?"

"బొబ్బనే. గంతే."

"బొబ్బ బొగ్గు లెక్క అయితదా? లేవుండ్రి."

ఖలీల్‌వాడిలో ఆస్పత్రులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మూడో ఆస్పత్రిలో గాని రక్తనాళాలు చూసే డాక్టరమ్మ దొరకలేదు. హాలు నిండా మనుషులు. చక్రాల కుర్చీ ఖాళీ లేదు. గోడకు ఉన్న టీవీలో ఎవరో శబ్దం లేకుండా వంట చేస్తున్నారు. పక్కన ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు నా కాలు చూసి, తన బట్టల సంచి నా ముందుకు జరిపాడు. "పాయ్ వర్ ఠేవా" అన్నాడు మరాఠీలో, కాలు పైన పెట్టుకొమ్మని చేత్తో చూపిస్తూ. వద్దన్నాను. "ఠేవా, ఠేవా" అని తనే పట్టుకుని పెట్టాడు. ఆయన సంచిలో జొన్నరొట్టెలు ఉన్నాయి, వాసన వస్తోంది. నా కుళ్లిన కాలు దాని మీద పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఆయన పేరు కూడా అడగలేదు.

డాక్టరమ్మ నా పాదం మీద రెండు వేళ్లు పెట్టి నాడి వెతికింది. తర్వాత పెన్నులాంటి చిన్న యంత్రం కుడి పాదానికి ఆనిస్తే గాలి ఊదినట్టు చప్పుడు వచ్చింది. ఎడమ పాదానికి ఆనించింది. ఏమీ రాలేదు. ఆమె చోటు మార్చి మార్చి పెట్టింది. ఆ గదిలో నాకు గుర్తున్నది ఆ నిశ్శబ్దమే.

"నడిస్తే నొప్పి ఎప్పటి నుంచి సార్?"

"ఒక రెండు నెలలు అవుతుందమ్మా."

"కాదు డాక్టరమ్మా" అంది సుగుణ. "ఏడాది. పోయిన చలికాలం నుంచి కుంటుతుండు."

నేను ఆమె వైపు తిరిగాను. నేనెవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ సిగరెట్ల గురించి అడిగింది. రెండు మూడు అన్నాను. "ఎనిమిది" అంది సుగుణ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. "సార్, కండ పని చేసేటప్పుడు దానికి నెత్తురు ఎక్కువ కావాలె. వయసుల ఉన్నప్పుడు నాళాలు అప్పటికప్పుడు విచ్చుకుంటయి. పెద్దవయసుల అంత విచ్చుకోవు. కండ లోపల శక్తి తయారు చేసే కార్ఖానాలు గూడ తగ్గుతయి. ఇది అందరికి అయ్యేదే, నాకూ అయితది. దానికే అయితే మెల్లగ నడుస్తరు, జర తొందరగ అలసిపోతరు, గంతే. మీకు దాని మీద నాళమే మూసుకపోయింది. కూసుంటే సరిపోయే నెత్తురు నడిస్తే సరిపోతలేదు. ఇప్పుడు కూసున్నా సరిపోతలేదు, అందుకే వేలు నల్లబడ్డది."

నాకు వర్నిలో పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి. కాలువ చివరి పొలాలవాళ్లు నీళ్లు అందక వరి ఎండిపోతుంటే పార పట్టుకుని గట్టు మీద నిలబడేవాళ్లు. చివరి మడి పాపం ఏం చేసింది, దాన్ని ఎవరు బద్ధకమంటారు? నేను అన్నాను. ఎంతమంది పిల్లల్నో అన్నాను. ఊపిరి ఆడక, కండలో సత్తువ లేక, పొద్దున ఏమీ తినక వచ్చి ఆగిపోయినవాళ్లను.

హైదరాబాద్‌కు రాసిచ్చే కాగితాల కోసం మళ్లీ హాలులో కూర్చున్నాం. అడగకుండా ఉండలేకపోయాను.

"నీకెట్ల తెల్సు?"

సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా బాపు చెరుకు బండి తోలేటోడు, ఎరికేనా? బోధన్ ఫ్యాక్టరీకి. చిన్నప్పుడు కింద వడ్డ గడలు ఏరుకుంట బండెనుక నడుస్తుంటిమి. ఎద్దు కుంటుతున్నది ముందర నడిచేటోనికి కనపడది. ఎనుక నడిచేటోళ్లకు కనపడ్తది. మీరెప్పుడూ నా ముందరనే నడుస్తిరి."

"మరి చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్తరు? ఒక ఏడు మా ఎలపటి ఎద్దుకు కాలు నొచ్చింది. తొవ్వ పొడుగుత బండ్లే. ఎద్దు కుంటుతున్నదని ఒకనికి తెలిస్తే వందమందికి తెలుస్తది. దాని ధర పోతది, బండికి కిరాయి దొరకది. మా బాపు ఏం చేసేటోడంటే, అది అడుగు తప్పంగనే 'తాడు వదులైంది' అని బండి ఆపేటోడు. చుట్టు తిరిగి తాడు గుంజినట్టు చేసేటోడు. ఎద్దు జర తేరుకోంగనే హై అనేటోడు. ఎవ్వలకు తెల్వకపోవు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. రాయి. కొంగు. తెలిసినావిడ.

"నీ చెప్పుల రాయి..."

"ఏ రాయి లేదు" అంది. "మీరు ఆగాలని."

గోలు స్తంభం దగ్గర ఆమె నన్ను ఆపిన ప్రతిసారీ నా కాలికి నెత్తురు అందింది. నా పరువు పోకుండా, నాకు కూడా తెలియకుండా, ఆరు నెలలు ఆమె నన్ను అలా నడిపించింది. చాయ్ బండి దగ్గర నేనన్న మాటలు నాకు ఒక్కొక్కటిగా వినపడ్డాయి. ఏమైనా చెప్పాలని నోరు తెరిచాను. అంతలో మా నంబరు పిలిచారు. ఆమె లేచి కాగితాల కోసం కౌంటర్ దగ్గరికి వెళ్లింది.

డిసెంబరు

హైదరాబాద్‌లో తొడ నాళంలోకి తీగ పంపి, మూసుకున్న చోట తెరిచారు. చిటికెన వేలు తీసేశారు. అందులో నాకు తెలిసింది తక్కువ. తెలిసిందల్లా, ఆ మధ్యాహ్నం దుప్పటి కింద ఎడమ పాదం వెచ్చబడింది. ఎన్ని నెలలకో. ఆ వెచ్చదనాన్ని ఎవరికీ చూపించలేక, దుప్పటి తీయకుండా అలాగే పడుకున్నాను.

స్వప్న అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఆస్పత్రికీ ఆఫీసుకూ తిరిగి ముఖం పీక్కుపోయింది. మూడో రోజు నా మంచం పక్కన నిలబడి ఇద్దరి మీదా విరుచుకుపడింది.

"బాపూ, నీకు తెల్సు, నువ్వు చెప్పలె. అమ్మకు తెల్సు, అమ్మ చెప్పలె. ఇద్దరు కలిసి ఎవరి కోసం నాటకం ఆడిండ్రు? చూసేటోళ్లెవరు? ఆ గ్రౌండుల పదిహేను మందా?"

సుగుణ నారింజ వలుస్తోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. తప్పు నాది, అమ్మది కాదు అని నేను అనాలి. అలసిపోయి ఉన్నానని కళ్లు మూసుకున్నాను. జబ్బుపడ్డవాడికి దొరికే ఈ సౌకర్యాన్ని నేను చాలాసార్లు వాడుకున్నాను. ఇది కూడా ఒప్పుకోవాలి.

పంపేటప్పుడు అక్కడి డాక్టర్ స్పష్టంగా చెప్పాడు. పెద్ద నాళం ఒకటి తెరిచారు. కింద సన్న నాళాలకు వాళ్లు చేయగలిగేది లేదు. సిగరెట్ ముట్టకూడదు. మందులు మానకూడదు. పుండు పూర్తిగా మానాక నడవాలి. నొప్పి లేచేదాకా నడవాలి, లేచాక నిలబడాలి, పోయాక మళ్లీ నడవాలి. రోజూ అరగంట. అలా చేస్తే కండ మళ్లీ శక్తి తయారు చేయడం నేర్చుకుంటుంది, నెత్తురు పక్కదారులు వెతుక్కుంటుంది. చేయకపోతే ఈసారి వేలితో పోదు.

ఫిబ్రవరి

పుండు మానింది. సిగరెట్ మానడం గురించి పెద్దగా చెప్పను. చేయి జేబులోకి పోతుంది, అక్కడ ఏమీ ఉండదు, రోజుకు యాభైసార్లు పోతుంది. సుగుణ ఏమీ అనకుండా ఆ జేబులో సోంపు పొట్లం పెట్టడం మొదలుపెట్టింది.

నడక మాత్రం నేను మేడ మీద మొదలుపెట్టాను. గ్రౌండుకు పోవడానికి మనసొప్పలేదు. మేడ ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై అడుగులు. తిరగడం, మళ్లీ రావడం, కాసేపు పిట్టగోడ పట్టుకుని నిలబడడం. నొప్పి లేవనే లేదు. బాగుపడ్డానని సంబరపడ్డాను.

నెల చివర ఖలీల్‌వాడి డాక్టరమ్మ నా పిక్క చుట్టూ టేపు పెట్టి చూసి, యంత్రం పెట్టి చూసి, పెదవి విరిచింది.

"సార్, నడుస్తున్నరా?"

"రోజూ అరగంట. మేడ మీద."

"నొప్పి లేస్తున్నదా?"

"లేదమ్మా, అస్సలు లేదు."

"అయితే అది నడక కాదు సార్. కండ ఇంకా సన్నబడ్డది. నొప్పి దాకా పోకపోతే దానికి నేర్చుకునే పని ఉండదు. మీరు పీఈటీ, నేను చెప్పాల్నా? ఇట్లనే ఉంటే తెరిచిన నాళం మళ్లీ మూసుకపోవచ్చు. అప్పుడు నేను పాదం గురించి మాట్లాడవలసి వస్తది."

ఆటోలో నేను నా ఎడమ పాదం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చాక, సుగుణ చెప్పులు విప్పుతుండగా, నాకు తోచిన ఉపాయం చెప్పాను.

"రేపటి నుంచి గ్రౌండుకు పోదాం. నువ్వు గూడ రా. నాకు నొప్పి లేస్తే సైగ చేస్త. నువ్వు ఎప్పటి లెక్క రాయి వడ్డదని ఆపు."

ఆమె ఒక చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె నా మీద గొంతు పెంచడం నేను విన్నది తక్కువ. అప్పుడు కూడా పెంచలేదు.

"మా బాపు ఎద్దును అమ్మాలని దాచిండు. మిమ్మల్ని నేను ఏ అంగడికి తోలాలె?"

నేను వంగి నా చెప్పులు విప్పుకోబోయాను.

"ఆ ఎద్దు ఏమాయెనో అడగకపోతిరి ఆనాడు. ఎట్ల అడుగుతరు, మీ కాలు మీకు. కుంటుతున్నదని ఎవ్వలకు చెప్పకపోతే మందెవడు పోస్తడు? సీజన్ అయిపోకముందే తొవ్వల కూలవడ్డది. మా బాపు దాని పక్కన కూసోని ఏడ్సిండు. నేను సూసిన. సూసి గూడ మీ దగ్గర అదే పని చేసిన. మీ వేలు పోయిందాంట్ల నా చెయ్యి గూడ ఉన్నది. ఇగ నాతోని కాదు."

అప్పుడన్నాను. ఆస్పత్రి హాలులో అనలేనిది, స్వప్న ముందు అనలేనిది. "నీ చెయ్యి లేదు సుగుణా. చెప్తే నేను వినకపోదును. చెప్పే జాగ నేను నీకు ఇయ్యలె."

ఆమె చెప్పు కింద పెట్టింది. "అయితే మంచిదే. పొద్దుగాల ఐదున్నరకు లేపుత. నేను నా నడక నడుస్త. మీరు మీ నడక నడువుండ్రి. నొస్తే ఆగుండ్రి. ఎవడన్న అడిగితే మీ నోటితోని మీరే చెప్పుండ్రి."

మార్చి

పొద్దున గ్రౌండులో గడ్డి మీద మంచు ఇంకా ఉంది. మొదటి రోజు నన్ను చూసి అందరూ చుట్టూ చేరారు. షుగరా, యాక్సిడెంటా అని అడిగారు. చిన్న ఆపరేషన్ అన్నాను. సుగుణ నా వైపు ఒకసారి చూసి, ఆగకుండా ముందుకు నడిచింది. ఆమె అంత చురుగ్గా నడవగలదని నాకు తెలియదు. ఆమె వీపును చూస్తూ నడవడం నాకు అదే మొదటిసారి.

నాలుగో నిమిషంలో పిక్క పట్టుకుంది. గంగాధర్, ఇంకో ముగ్గురు వెనకే వస్తున్నారు. నా చేతులు వాటంతట అవే నడుము మీదికి పోయాయి. భుజాలు వంచకు అన్న మాట నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని, నొప్పితోనే ఇంకో పది అడుగులు నడిచాను. ఆ రోజు అంతే చేయగలిగాను. నిలబడకుండా ఇంటికి వచ్చాను, సాయంత్రం దాకా కాలు గుంజింది. ఇలా మూడు రోజులు జరిగింది. సుగుణ ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది, మందులు ఇచ్చింది. నేను ఆగని ప్రతి రోజూ ఆ పాదాన్ని కొంచెం కొంచెం పోగొట్టుకుంటున్నానని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

నాలుగో రోజు ఆగాను. గ్రౌండు మధ్యలో, ఏ చెట్టూ ఏ బెంచీ లేని చోట, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాను.

"ఏం సార్, ఆగిండ్రు? ఇయ్యాల మాకు లెఫ్ట్ రైట్ లేదా?" అన్నాడు గంగాధర్.

"కాలు నొస్తున్నది గంగాధర్. పిక్కకు నెత్తురు అందుతలేదు. ఏడాది నుంచి ఇదే. వానకాలమంతా మీ మీద ఒర్లింది గూడ అందుకే, నేర్పేటందుకు కాదు. ఒక రెండు నిమిషాలు ఆగాలె నేను."

వాళ్లు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అతనితో వస్తున్న ముగ్గురూ తలలూపి ముందుకు పోయారు. గంగాధర్ మాత్రం వంగి తన పిక్క తడుముకున్నాడు.

"దుకాణం పై అంతస్తు ఎక్కితే నాకు గూడ గిట్లనే పట్టుకుంటది సార్. నిలవడితే పోతది. బస్తాలెత్తి అనుకున్న."

"బీడీ తాగుతవా ఇంకా?"

"తాగుత. మీరు దాపుకు పోయి సిగరెట్ తాగినట్టే, సార్."

ఖలీల్‌వాడిలో ఎవరి దగ్గరికి పోవాలో చెప్పాను. రేపు మాపు అనకుండా ఈ వారమే పొమ్మన్నాను. పాదాన్ని వేడినీళ్లలో పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. అతను సరేనని ముందుకు నడిచాడు.

అంతలో సుగుణ ఒక రౌండు పూర్తి చేసి వచ్చింది. చెమటతో ముఖం మెరుస్తోంది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, జూన్‌లో చాయ్ బండి దగ్గర ఉన్నవాళ్లే.

"సుగుణా" అన్నాను, వాళ్లకు వినపడేలా. "ఆనాడు నీకు దమ్ము లేదన్న కదా. తప్పుగ అన్న. లేంది నాకు."

ఆ ఆడవాళ్లు ఆగిపోయారు. సుగుణ ఆగలేదు, నడక తగ్గించింది అంతే.

"నొప్పి పోయిందా?" అంది.

పిక్క తడిమి చూసుకున్నాను. "పోయింది."

"మరి నడువుండ్రి."

ఆమె ముందుకు పోయింది. నేను మళ్లీ నడవడం మొదలుపెట్టాను.